అక్క కారు లోపలి రంగులు

ఏప్రిల్ 2, బుధవారం

కారు వచ్చింది!

రెండేళ్లుగా ఈ పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. ఈ రోజు రాయకపోతే మాత్రం నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి షాపు ముందు ట్రక్కు మీంచి దించారు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముదురు ఆకుపచ్చ. ముక్కు పొడుగు, వెనక పొట్టి. నేలను కరుచుకుని ఉంది. పక్కన నిలబడితే దాని పైకప్పు నా ఛాతీ దాకా కూడా రాలేదు. బయట అంత అందం, లోపల మాత్రం ఏమీ లేదు. పాత ఓనరు సీట్లు, తివాచీ, తలుపుల అట్టలు అన్నీ పీకేసి అమ్మేశాడు. ఇనుప నేల, వేలాడే వైర్లు, ఒక స్టీరింగు మిగిలాయి. ఖాళీ ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు మంచం ఎక్కడ వేయాలి, అద్దం ఎక్కడ తగిలించాలి అని బుర్ర పరుగులు పెడుతుందే, అచ్చం అలా అయింది నాకు.

అక్క తన చక్రాల కుర్చీలో కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నా వైపు తిరిగి అంది:

"లోపలంతా నీదే పిట్టా. రంగులూ, సీట్లూ, అన్నీ. నీ ఇష్టం."

నా ఇష్టమట!

పదకొండేళ్లుగా మాస్టారి షాపులో సోఫాలు, బస్సు సీట్లు, బైకు సీట్లు కుడుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ ఆ మాట అనలేదు. "నల్ల రెగ్జిన్ వేసెయ్, మట్టి కనపడదు" అంటారు, పోతారు.

మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మ కారు లోపలికి తొంగిచూసింది. "ఇద్దరికేనా చోటు? అంటే నన్ను ఎక్కించుకోకూడదని ముందే అనుకుని కొన్నారన్నమాట."

పక్క షెడ్డులో ఉండే గుండు మెకానిక్ దీనికి చేతి లివరు బిగిస్తాడు. ముందుకు తోస్తే బ్రేకు, కిందికి నొక్కితే వేగం. గేర్లు వాటంతటవే మారతాయి. కాళ్లతో పనే లేదు. మే 5న లైసెన్సు పరీక్ష. నెల రోజులుంది. నెల రోజులే ఉంది!

ఏప్రిల్ 3, గురువారం

పొద్దుటి నుంచి తోలు ముక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ముక్కుపొడుం రంగు, గచ్చకాయ రంగు, పావురాయి రంగు, బచ్చలిపండు రంగు, మీగడ రంగు, చింతపిక్క రంగు. ఒక్కొక్కటీ ఆ ఆకుపచ్చ తలుపు పక్కన పట్టుకుని, కళ్లు చిట్లించి, నాలుగడుగులు వెనక్కి నడిచి, మళ్లీ ముందుకొచ్చి చూశాను. బైకు సీటు కోసం వచ్చినాయన నన్ను చూసి, "ఆవిడ ఒంట్లో బాగానే ఉందా?" అని మాస్టారిని అడిగాడు.

ఎరుపు పెడితే కారు చిలకైపోయింది. నలుపు పెడితే బొగ్గుల కొట్టు. మీగడ రంగు పెడితే ఆసుపత్రి గుర్తొచ్చింది. దాన్ని చివర్లో దాచేశాను.

చింతపిక్క రంగు పెట్టాను. అబ్బ! ఆ నున్నటి మెరుపు, ఎరుపూ కాని గోధుమా కాని ఆ లోతు. ఆకుపచ్చ పక్కన అది పడగానే నా వీపు మీద చల్లగా ఏదో పాకింది.

సాయంత్రం అక్కకి చూపించాను. ముక్కని వేలితో నిమిరింది. ఏదో అనబోయింది. "బావుంది. నీ ఇష్టం" అంది.

ఎంత నమ్మకమో నా మీద.

ఏప్రిల్ 5, శనివారం

ఈ సీటు మామూలు సీటు కాదు. అందుకే ఇంత హుషారుగా ఉంది.

మొదటిది: కూర్చునే చోట ఒక్క కుట్టు కూడా ఉండకూడదు. అక్కకి నడుం కింద స్పర్శ లేదు. ఇంత చిన్న కుట్టు గంటసేపు ఒత్తుకున్నా తెలియదు, పుండు పడుతుంది. కాబట్టి ఒకే ముక్క, కుట్లన్నీ అంచులకి.

రెండోది: చక్రాల కుర్చీలోంచి చేతుల బలంతో సీటులోకి జారాలి. తలుపు వైపు అంచు పల్లంగా, నున్నగా ఉండాలి. కానీ మలుపులో ఒళ్లు పక్కకి పోకూడదు. జారాలి, జారకూడదు! మాస్టారు, నేను భోజనం కూడా మరిచిపోయి దీని మీద వాదించుకున్నాం. చివరికి ఆయనే చెప్పారు: "అంచుకి నున్నటి లెదరు, మధ్యలో గరుకు బట్ట. రెండో వైపు దిండు ఎత్తుగా లేపమ్మా. ఎక్కేవైపు గుమ్మం, అవతల వైపు గోడ."

ఆ మాటకి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన కంగారుపడి కత్తెర కింద పడేసుకున్నారు.

ఏప్రిల్ 6, ఆదివారం

తివాచీ ముక్కుపొడుం రంగు. ఖాయం. దారం పసుపు. ఖాయం, ఖాయం.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

మాస్టారు అడిగారు, "రెండో సీటుకి కొలతలు తీసుకోలేదేం?" అని. అప్పుడు తట్టింది. మడిచిన చక్రాల కుర్చీ ఎక్కడ పెడతారు? వెనకాల చోటే లేదు. పక్క సీటు పెట్టకుండా, ఆ జాగాలో మెత్తటి లైనింగుతో ఒక పొడుగాటి పెట్టె కుడితే? తోలు పట్టీలు, ఇత్తడి బకిల్సు. అక్క కూర్చున్నాక కుర్చీని చేత్తో పట్టుకుని పక్కన పెట్టేసుకోవచ్చు. ఎవరి సాయమూ అక్కర్లేదు!

నేను చెబుతున్నంతసేపూ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. చివరికి "ఊఁ" అన్నారు.

ఇంట్లో బొమ్మ గీసి చూపించాను. అమ్మ చూసి, "మరి పక్కన ఎవరు కూచుంటారే?" అంది.

"ఎవరూ కూచోనక్కర్లేదమ్మా. అదే గదా దీని గొప్పతనం."

అమ్మ అక్క వంక చూసింది. అక్క కాగితం వంక చూసింది.

"నీ ఇష్టం" అంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆ కల మళ్లీ వచ్చింది. రాయను.

ఏప్రిల్ 12, శనివారం

సీటు పూర్తయింది! బిగించేశాం!

అక్క కుర్చీ తలుపు దగ్గరికి తెచ్చుకుంది. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి తలుపు పైన. ఒక్క ఊపు. రివ్వున లోపలికి జారిపోయింది. జారి, మధ్యలోకి రాగానే టక్కున ఆగింది. గరుకు బట్ట పట్టేసుకుంది. కాళ్లు ఒకటొకటిగా ఎత్తి లోపల పెట్టుకుని, తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది. స్టీరింగు మీద వేళ్లు వాటంతటవే మడుచుకున్నాయి. రెండేళ్లయింది ఆ వేళ్లని అలా చూసి.

నేను గెంతాను. ముప్పై నాలుగేళ్లదాన్ని, షాపులో అందరి ముందూ గెంతాను. గుండు మెకానిక్ ఈల వేశాడు.

రేపు బయటికి తోసి, ఎండలో ఫొటోలు తీయాలి. ఆ రంగు ఎండలో ఎలా మండిపోతుందో చూడాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

వరసగా రాస్తాను. రాసి చూసుకోవాలి.

పదింటికి కారుని షాపు వెనక ఆవరణలోకి తోశాం. తలుపులు తెరిచి ఫొటోలు తీశాను. చింతపిక్క రంగు నిజంగానే మండిపోతోంది. పదకొండున్నరకి అమ్మ మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. లోపలికి వంగుతూ సీటు మీద చెయ్యి ఆనించింది.

"అబ్బా! పెనంలా ఉందే!"

చెయ్యి తీసి ఊదుకుంది. నేనూ పెట్టి చూశాను. పది లెక్కపెట్టేదాకా ఉంచలేకపోయాను.

పోయినేడు చలికాలంలో అక్క ఒళ్లో వేడి టీ కప్పు పెట్టుకుని పేపరు చదువుకుంది. సాయంత్రానికి తొడ మీద పొక్కు. లంగా తడిగా తగిలితే చేత్తో తడుముకుని చూసుకుంది, అంతే తప్ప నొప్పి తెలియదు. దానికి మందు రాసింది నేనే. ముదురు రంగు ఎండని తాగుతుందని బడికెళ్లిన ప్రతివాడికీ తెలుసు. సీట్లు కుట్టే నాకు తెలియదా?

అక్క ముఖం చూశాను. ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసు" అన్నాను.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"పైన ఓ దుప్పటి మడిచి వేసుకుందామనుకున్నా."

"దుప్పటా? నేను కుట్టిన సీటు మీద దుప్పటా? ఒక్క ముక్క అంటే అయిపోయేదిగా! మూడో తారీకునే చూపించాగా!"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. రెండేళ్లలో అక్క మీద అరవడం ఇదే మొదటిసారి. అక్క కూడా కుర్చీ చేతుల మీద గుద్ది అరిచింది.

"ఎలా చెప్పనే? నిన్ను ఏదైనా కాదంటే నీ ముఖం చూడలేక చస్తున్నా! టీలో చక్కెర ఎక్కువైందంటే వంటింట్లోకెళ్లి ఏడుస్తావు. కిటికీ మూయమంటే పది సార్లు సారీ చెబుతావు. కాళ్లు పోయాయంటే సరే. నీ వల్ల నాకు నోరు కూడా పోయింది!"

అమ్మ సీసా అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నీ వల్ల. ఆ మాట కోసమే రెండేళ్లుగా ఎదురుచూస్తున్నానేమో. వస్తే చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. నిలబడే ఉన్నాను, ఎండ నెత్తి మీద కొడుతోంది.

"నా వల్లే" అన్నాను. "పేజీ తప్పాను."

ఇక్కడైనా రాస్తాను. కొండ రోడ్డు రేసు. అక్క నడుపుతోంది, నేను పక్క సీట్లో కూర్చుని ముందు ఏ మలుపు వస్తుందో రాసుకున్న పుస్తకం చదివి చెబుతున్నాను. వాన తడికి రెండు కాగితాలు అతుక్కుని కలిసి తిరిగిపోయాయి. పెద్ద మలుపు రాసిన పేజీ చదవకుండానే దాటిపోయింది. నేను "ముందు తిన్నగా" అన్నాను. ముందు తిన్నగా రోడ్డు లేదు. నా మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. అక్కకి అది.

అక్క మెల్లగా అంది.

"తప్పావు. కాదనను. కానీ ఆ మలుపు ముందురోజు రెండుసార్లు చూసిందాన్ని నేను. నువ్వు 'తిన్నగా' అనగానే నాకు అనుమానమొచ్చింది. వేగం మీంచి కాలు తియ్యాలి. తియ్యలేదు. మూడు సెకన్లు వెనకబడి ఉన్నాం, గెలవాలి. అంతే నా బుర్రలో ఉంది." చెమట తుడుచుకుంది. "ఈ సంగతి నీకు చెప్పకుండా ఇన్నాళ్లూ నిన్ను ఏడవనిచ్చాను. నేనేం మంచిదాన్ని కాదే పిట్టా."

కోపమొచ్చింది. నిజం రాస్తున్నాను, చాలా కోపమొచ్చింది. ఆ కోపం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఇంకోటి" అంది అక్క. "ఆ పెట్టె ఏంటే? పక్క సీటుకి బదులు పెట్టె! నన్ను ఒక్కదాన్నే ఊరేగిద్దామనా?"

"కుర్చీకి చోటు..."

"కుర్చీ చక్రాలు బటన్ నొక్కితే ఊడొస్తాయి. మిగిలింది సీట్ల వెనక పడుతుంది. ఇది నీకు తెలుసు. రోజూ ఆ చక్రాలు తుడిచేదానివి నువ్వే."

తెలుసు. కొలిచాను కూడా. ఏడో తారీకునే.

ఏప్రిల్ 14, సోమవారం

చింతపిక్క సీటు విప్పేశాను. కుట్లు కోస్తుంటే ఏడుపొస్తుందనుకున్నాను. ఈల వేసుకుంటూ కోశాను.

మాస్టారు: "బాగానే ఉందిగా, మళ్లీ ఎందుకమ్మా?"

"అక్కకి నచ్చలేదండీ."

ఆ మాట చెప్పడంలో ఎంత దర్జా ఉందో!

ఏప్రిల్ 15, మంగళవారం

అక్క పొద్దున్నే షాపుకి దిగిపోయింది. రంగుల పుస్తకం ఒళ్లో వేసుకుని, పోలీసు ఇన్‌స్పెక్టరు లెవెల్లో విచారణ మొదలుపెట్టింది.

"ఈ పసుపు దారం ఎవరి ఐడియా?"

"నాదే."

"తీసెయ్. బడి పిల్లల బ్యాగులా ఉంది."

"ఖాయం చేశాను అక్కా!"

"నేను చెయ్యలేదుగా."

సీటుకి లేత రంగు కావాలి, అది ఇద్దరం ఒప్పుకున్నాం. పావురాయి రంగు అక్కకి పడలేదు, సిమెంటు బస్తాలా ఉందట. చివరి పేజీ తిప్పింది. మీగడ రంగు. "ఇది దాచావేం?"

"ఆసుపత్రి గోడలు గుర్తొస్తాయి."

"ఆసుపత్రి గోడలు నీలం. మూడు నెలలు వాటినే చూశా. నువ్వు నేల చూస్తూ కూర్చున్నావు, నీకేం తెలుసు?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. ఆగలేదు ఎంతసేపటికీ. మాస్టారు మిషను ఆపి చూశారు.

మీగడ రంగు ముక్కా, చింతపిక్క ముక్కా ఎండలో అరగంట పక్కపక్కనే పెట్టి, రెండు అరచేతులూ ఆనించి చూశాం. చింతపిక్క మీద చెయ్యి నిలవలేదు. మీగడ వెచ్చగా ఉంది, అంతే. అయినా పగలు నిలిపినప్పుడు కప్పడానికి తెల్లటి గుడ్డ ఒకటి కుడతానన్నాను. "మంచి మాట" అంది. ఒక్కదానికైనా ఒప్పుకుంది!

ఏప్రిల్ 17, గురువారం

యుద్ధాల జాబితా, ఇప్పటిదాకా.

సీట్లు మీగడ రంగు, మధ్యలో గచ్చకాయ రంగు గరుకు బట్ట: ఇద్దరం గెలిచాం.

డాష్‌బోర్డు: అక్క అదీ మీగడ రంగే అంది. కుదరదన్నాను. పైన లేత రంగు వేస్తే ఎండలో ముందు అద్దంలో దాని నీడ పడి రోడ్డు కనపడదు. గుమ్మం దాకా తీసుకెళ్లి, అద్దం ముక్క కింద తెల్ల గుడ్డ పెట్టి చూపించాను. నోరు మూసుకుంది. విప్పిన చింతపిక్క తోలు మొత్తం డాష్‌బోర్డుకి సరిపోయింది! అక్కడ అది కోటలో రాణి.

దారం: ముదురు ఆకుపచ్చ. అక్క గెలిచింది. కుట్టి చూశాక, నా పసుపు కన్నా బాగుంది. ఈ సంగతి ఆవిడకి చెప్పను.

చేతి లివరు పిడి: దానికి ఏడు రకాలుగా తోలు చుట్టి చూపించాను. ఏడూ తిప్పికొట్టింది. "చెమట పడితే జారుతుంది... ఇది లావు... ఇది బొటనవేలికి ఒత్తుకుంటోంది..." ఎనిమిదోది పట్టుకుని ముందుకు తోసింది, నొక్కింది, మళ్లీ తోసింది. వదల్లేదు.

తలుపు అట్టలకి నారింజ చార కావాలట. ప్రాణం పోయినా వెయ్యను.

ఏప్రిల్ 19, శనివారం

నారింజ చార వేశాను. సన్నటిది. అమ్మ ఓటు అక్కకి వేసింది. "నేను ఎలాగూ ఎక్కను, చూసే దిక్కైనా బాగుండనీ" అంది.

బాగుంది.

ఏప్రిల్ 26, శనివారం

రెండో సీటు కుట్టేశాను. డ్రైవరు సీటుకి జోడీ. ఇది ఎక్కేవాళ్లు మామూలుగా ఎక్కుతారు కాబట్టి, రెండు వైపులా దిండ్లు సమంగా లేపాను.

"కూర్చుని చూడమ్మా, ఫోము సరిపోయిందో లేదో" అన్నారు మాస్టారు.

చేత్తో నొక్కాను. మోకాలు పెట్టి చూశాను. "సరిపోయిందండీ" అన్నాను.

ఆయన నా వంక ఒక చూపు చూసి, తనే వెళ్లి కూర్చున్నారు. కూర్చోవడం కూర్చున్నారు గాని లేవలేకపోయారు. కారు అంత కిందికి ఉంటుందని ఆయన అనుకోలేదు. నేనొక చెయ్యి, గుండు మెకానిక్ ఒక చెయ్యి పట్టుకుని లాగాం. అక్క డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది. మాస్టారు బట్టలు దులుపుకుని, "ఫోము బ్రహ్మాండంగా ఉంది. అసలు లేవబుద్ధి కాలేదు" అన్నారు.

మే 2, శుక్రవారం

అక్క మూడు రోజులుగా షాపు వెనక ఖాళీ స్థలంలో తిప్పుతోంది. మెకానిక్ పక్కన కూర్చుంటున్నాడు. నేను దుమ్ము లెక్కపెడుతూ గోడ మీద కూర్చుంటున్నాను.

మే 5, సోమవారం

పొద్దున తొమ్మిదింటికి లైసెన్సు ఆఫీసు. కార్లో అక్క పక్కన మెకానిక్ వచ్చి, దిగి వెళ్లిపోయాడు; నేను బస్సులో వచ్చాను. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు తలుపంత మనిషి. ముఖం చూస్తే జన్మలో ఎవరినీ పాస్ చేసినట్టు లేదు. కారు చుట్టూ తిరిగాడు. చేతి లివరు తోసి, నొక్కి చూశాడు. పక్క తలుపు తెరిచి, మీగడ రంగు సీటు చూసి ఆగిపోయాడు.

"బూట్లు విప్పి ఎక్కాలా?" అన్నాడు.

"అక్కర్లేదు సార్" అంది అక్క.

ఆయన తల వంచి, భుజం వంచి, మోకాళ్లు మడిచి, విడతలు విడతలుగా లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు. వెళ్లిపోయారు.

ఇరవై మూడు నిమిషాలు. రేకుల షెడ్డు కింద నిలబడి చేతి గడియారం చూస్తూ, గోళ్లన్నీ కొరికేశాను. ప్రతి హారన్‌కీ వాళ్లేనేమోనని తొంగి చూశాను.

తిరిగొచ్చారు. కారు ఆగింది. ఆయన దిగలేదు. సీట్లోనే కూర్చుని కాగితాలు తొడ మీద పెట్టుకుని రాస్తున్నాడు. ఒక చేత్తో సీటు అంచు నిమురుతున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"ఎవరు కుట్టారమ్మా ఇది?"

"మా చెల్లెలు సార్. ఇదిగో."

నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మా ఆఫీసు కుర్చీలో పన్నెండేళ్లుగా నడుం విరిగిపోతోంది. చూస్తావా ఒకసారి?"

"పాసా సార్?" అన్నాను.

"పాసే. మీ అక్క నాకన్నా బాగా నడుపుతోంది. ముందు నన్ను బయటికి లాగండి."

అక్క ఆ కాగితాన్ని డాష్‌బోర్డు మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అంత గట్టిగా ఏడవడం ఆసుపత్రిలో కూడా చూడలేదు. నేను తలుపు బయట నిలబడి ఆవిడ తల నిమిరాను. ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, "ఎక్కు" అంది.

"నువ్వు పద. నేను బస్సులో వస్తా. దారిలో దారం కొనాలి."

"ఎక్కవే."

"నిజంగా దారం..."

"పిట్టా. నువ్వు బస్సులో రావడం నాకు ఇష్టం లేదు. ఎక్కు."

కారు చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాను. తలుపు తెరిచాను. నేను కుట్టిన సీటే. ప్రతి కుట్టూ తెలుసు. అయినా ఎక్కడానికి ఇన్‌స్పెక్టరు కన్నా ఎక్కువసేపు పట్టింది. బెల్టు పెట్టుకున్నాను. తీసి మళ్లీ పెట్టుకున్నాను. ఒళ్లో చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియలేదు.

అక్క లివరు నొక్కింది.

నేల చెవుల పక్క నుంచి పరిగెత్తినట్టు అనిపించింది. కిటికీలోంచి గాలి, నారింజ చార మీద ఎండ. మొదటి మలుపులో కళ్లు మూసుకున్నాను. రెండో దాంట్లో ఒక కన్ను. మూడో మలుపులో సీటు పక్క దిండు నా భుజాన్ని పట్టుకుని నిలబెట్టేసరికి, "బాగా లేపానే!" అని పైకే అన్నాను. "ఆహా, మొదలుపెట్టింది" అంది అక్క.

పెద్ద రోడ్డులో కలిసే చోట కారు ఆగింది. నా వైపు ఎత్తైన గోడ. కారు ఇంత కిందికి ఉండడంతో అటునుంచి వచ్చే బండ్లు అక్కకి కనపడవు. వెనకాల ఎవడో హారన్ కొట్టాడు.

అక్క కళ్లు ముందుకే ఉన్నాయి. చెయ్యి లివరు మీద.

"నీ వైపు ఏముంది?" అంది.

బెల్టు లాగి ముందుకు వంగాను. కిటికీలోంచి తల బయట పెట్టాను. లారీ. పెద్ద లారీ, వేగంగా వస్తోంది.

"ఆగు."

లారీ పోయింది. కారు ఊగింది. దాని వెనక బైకు. అదీ పోయింది. ఎండలో రోడ్డు, చివరిదాకా ఖాళీగా. రెండుసార్లు చూశాను. మూడోసారీ చూశాను. వెనకవాడు మళ్లీ కొట్టాడు. అక్క తొందరపెట్టలేదు.

"ఇప్పుడు" అన్నాను.

అక్క తల తిప్పి చూసుకోలేదు. వెళ్లింది.